ఏడు వేలు తగ్గిన బేరం

మా బావ పోయాడని మంగళవారం ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. మా అక్క భర్త. ఫిషింగ్ హార్బర్‌లో పరాయి బోటు మీద వల సర్దుతూ కూలబడిపోయాడట. పెద్దాసుపత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. యాభై ఏళ్ళు కూడా నిండలేదు. ముప్పై ఏళ్ళు చేపల వేటకెళ్ళినవాడు చివరికి కూడా ఒకరి బోటు మీదే పోయాడు. నాకు అదే మింగుడుపడటం లేదు.

బేరంలో బావని మించినవాడు మా పేటలో లేడు. వల కొన్నా వంకాయలు కొన్నా సగం ధర నుంచి మొదలెట్టేవాడు. ఒప్పుకున్నాక మాత్రం మళ్ళీ ఆ ఊసెత్తేవాడు కాదు. "బేరం కుదిరినాక మల్లీ మాటేటి బావా?" అనేవాడు. రేవులో అందరిదీ అదే పద్ధతి. చేతిలో చెయ్యి వేస్తే అయిపోయినట్టే. తర్వాత ఎవరు నష్టపోయినా నోరెత్తరు.

ఇంటికొచ్చి మరీ లోన్లు అంటగట్టే రోజుల్లో అప్పు మీద మోటారుసైకిలు కొన్నాడు. వేట నిషేధంలో వాయిదాలు ఆగాయి. నిషేధం ఎత్తేశాక కూడా ఆ ఏడు చేప పడలేదు. వసూలువాడు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. బాకీ పద్దెనిమిది వేలు. బావ వాడికి టీ ఇప్పించి, గంటసేపు బేరమాడి, పదకొండు వేలకు దింపాడు. కట్టాక వచ్చిన కాగితం నా దగ్గరకు తెచ్చాడు. కుటుంబంలో నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి నేనే మరి. మిగతాది ఇక అడగబోమని రాసుంది. "పీడ వదిలింది బావా," అన్నాను. ఏడు వేలు మిగిలాయని ఆ పూట రొయ్యలు వండించాడు. నేనూ సుష్టుగా తిన్నాను.

మూడేళ్ళ తర్వాత సొంత ఫైబరు బోటు కోసం మద్దిలపాలెంలో ఒక బ్యాంకుకి వెళ్ళాం. మేనేజరు కంప్యూటరు చూసి, "పాత అప్పు తగ్గించి కట్టారని మీ రిపోర్టులో ఉందండి. స్కోరు బాగా తక్కువుంది, లోను రాదు," అన్నాడు.

"ఆడే ఒప్పుకున్నాడు కద బాబూ. నానేటి దొంగతనం సేసినానా?" అన్నాడు బావ.

ఆ ఏడు వేలూ వడ్డీతో సహా, బండికి అప్పిచ్చినవాళ్ళని తనే వెతుక్కుంటూ వెళ్ళి కట్టాడు. కుదిరిన బేరాన్ని బావ తిరగతోడింది జన్మలో అదొక్కసారే. కొన్ని నెలలాగి మళ్ళీ వెళ్ళాం. మేనేజరు మంచివాడే, కుర్చీ వేయించాడు. "బాకీ లేదని మారింది. కానీ కట్టకుండా ఆగిన నెలలు, వసూలు దాకా వెళ్ళిన సంగతి ఇంకొన్నేళ్ళు రిపోర్టులో ఉంటాయండి. అప్పటిదాకా కష్టం," అన్నాడు.

బస్సులో టిక్కెట్లు బావే తీశాడు. దిగబోతూ, "సముద్రంలో తప్పు సేత్తే ఆ పూటే తెలిసిపోద్ది బావా. ఈళ్ళు దాసిపెట్టి సూపిత్తన్నారు," అన్నాడు. ఆ తర్వాత సొంత బోటు మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ కాగితం చూపించిన రోజు నా దగ్గర ఏడు వేలు ఉన్నాయి. మొత్తం కట్టెయ్, చేబదులు నేనిస్తానని అనగలిగేవాణ్ణి. అప్పటికీ మచ్చ కొంత ఉండేదేమో, ఇంత ఉండేది కాదు. నాకు తట్టలేదు. తట్టినా ఇచ్చేవాణ్ణో లేదో తెలియదు. ఈ మాట మా అక్కకి ఇంతవరకూ చెప్పలేదు.

బావని సాగనంపి రేవు పక్కన స్నానాలు చేస్తుంటే, బోట్లు కట్టే మేస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు. లోను వస్తుందన్న ధీమాతో బావ బయానా ఇచ్చి, ఒక బోటుకి పేరు కూడా రాయించాడట. లోను రాకపోయేసరికి అది ఇంకొకరికి పోయింది. మేస్త్రీ చెయ్యెత్తి చూపించాడు. తెల్లబోటు ఒకటి రేవు దాటి సముద్రంలోకి వెళుతోంది. దాని పక్కగోడ మీద రాసిన మా అక్క పేరుని నీలం రంగుతో కప్పేశారు. ఒక్క పూతే వేసినట్టున్నారు, అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి.