మావయ్య చొక్కా మీది టీ మరకలు

మా మావయ్య ఏ విషయం తేల్చాలన్నా చేతిలో నిండు టీ గ్లాసు ఉండాలి. తాగడానికి కాదు, ఒలకడానికి.

మా అమ్మకు సొంత తమ్ముడాయన. ముప్పయ్యేళ్ళుగా కార్ల షెడ్డు నడుపుతున్నాడు. ఎవరు బండి తెచ్చినా ముందు బానెట్ ఎత్తడు. గ్లాసు అంచుదాకా టీ పోయించుకుని, వెళ్ళి డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, "ఇక పోనివ్వండి" అంటాడు. వీధి చివరిదాకా వెళ్ళొచ్చాక కిందికి దిగి చొక్కా మీద మరకలు చూసుకుంటాడు. "ఇది క్లచ్చు మరక. ఇది వెనక చక్రానిది. పొట్ట మీద పడ్డ ఈ పెద్దది మాత్రం బండిది కాదండీ, మన రోడ్డుది." ఆయన చెప్పిన రోగం తప్పిందని ఇంతవరకు ఎవరూ వెనక్కి రాలేదు.

"డ్రైవింగ్ సీట్లో కూర్చుని చూడొచ్చుగా మావయ్యా?" అని ఒకసారి అడిగాను.

"స్టీరింగ్ పట్టుకున్నవాడు హుషారులో ఉంటాడురా. వాడికేం తెలుస్తుంది? బండి సంగతి పక్కన కూర్చున్నవాణ్ణి అడగాలి" అన్నాడు.

ఈ పిచ్చి షెడ్డుతో ఆగితే బాగుండేది. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళి, టీ గ్లాసుతో మూడంతస్తులు ఎక్కి దిగి, "మెట్లు సమానంగా లేవు, వద్దు" అన్నాడు. కొత్త మంచం కొనే ముందు దుకాణంలో గ్లాసు పట్టుకుని దాని మీద పడుకున్నాడు. దుకాణంవాడు రెండు చేతులూ జోడించి మంచం ధర తగ్గించి ఇచ్చి పంపేశాడు. అత్తయ్య విసిగిపోయి, మరక పడినా తెలియకుండా అచ్చం టీ రంగు చొక్కాలు అరడజను కొనుక్కొచ్చింది. మావయ్య ఒక్కటీ తొడగలేదు. "మరక కనబడకపోతే నేను చదివేదేమిటే?" అన్నాడు.

ఇక నా గొడవకొస్తాను. ప్రతి ఏడూ కొండ దారి మీద కార్ల పోటీ జరుగుతుంది. కింది నుంచి పైకి ఎవరు తక్కువ సమయంలో వెళ్తే వారిది కప్పు. పోయినేడు సెకనులో నాలుగు పదోవంతుల తేడాతో అది నా చేజారింది. కారణం ఇంజిన్ మౌంట్లు. ఇంజిన్‌ను బండి చట్రానికి పట్టి ఉంచే దిమ్మలవి. కంపెనీ బిగించేవి రబ్బరువి, ఇంజిన్ వణుకుని మింగేసి లోపలివాళ్ళని సుఖంగా కూర్చోనిస్తాయి. కానీ మలుపులో గట్టిగా తొక్కితే ఇంజిన్ వాటి మీద ఊగుతుంది, గేరు వేళకు పడదు. నాకు మూడో గేరు అలాగే మొరాయించింది.

మావయ్య గ్లాసు పట్టుకుని ఎక్కి, దిగి, చొక్కా చూసి ఒప్పుకున్నాడు. "పెద్ద మరక రబ్బరుదే. కానీ ఈ చిన్నది నీ కాలిదిరా. బ్రేకు తొందరపడి తొక్కుతున్నావు."

నేను మొదటి మాట విని రెండోది గాలికొదిలేశాను. పోటీకి ఐదు వారాల ముందు గట్టి మౌంట్లు తెప్పించాను. రబ్బరు ముక్క లేదు, అంతా లోహమే. ఇంజిన్ ఇసుమంతైనా కదలదు. బిగించాడు మావయ్య. టీ పట్టుకుని ఎక్కాడు. గేటు దాటేసరికి సగం గ్లాసు ఖాళీ, వీధి చివరికి గ్లాసు ఒక్కటే మిగిలింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

"ఆ-ఆ-ఆపరా రేయ్!"

దిగాడు. చొక్కా అంతా ఒకటే మరక.

"ఏం చెప్తోంది మావయ్యా?"

"చెప్పడం కాదురా, తిడుతోంది. తీసేసి రబ్బరువే పెడదాం."

"పోటీలో నా పక్కన ఎవరూ కూర్చోరుగా!"

"పోటీ నాలుగు నిమిషాలు. తక్కిన రోజులు? మీ నాన్న నడుములో నాలుగు స్క్రూలున్నాయిరా."

నాన్నకు వెన్ను ఆపరేషన్ అయి రెండు నెలలు. మంగళ, శుక్రవారాలు ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తారు. నేను ఆఫీసులో ఉంటాను కాబట్టి మా ఆవిడే ఈ బండిలో తీసుకెళ్తుంది. అదంతా నాకు తెలుసు. తెలిసే, "వెనకాల ఓ దిండు పెడితే సరిపోతుందిలే" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

మావయ్య ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "సరే, నీ ఇష్టం. కానీ గట్టి మౌంట్లకి బోల్టులు వదులవుతుంటాయి. సోమవారం, గురువారం సాయంత్రాలు బండి ఇక్కడ వదిలెయ్, బిగిస్తాను. మర్నాడు అమ్మాయి ఇక్కణ్ణించే తీసుకెళ్ళి ఇక్కడే పెడుతుంది. ఆ తర్వాత నువ్వు తీసుకో."

మొదటి మంగళవారం ఇంటికి వెళ్ళగానే నాన్నను అడిగాను. "బండి వణికిందా నాన్నా?"

"వణుకేమిటిరా? ఉయ్యాలలో పడుకున్నట్టుంది."

మా ఆవిడ వైపు తిరిగాను. "నాకూ ఏం అనిపించలేదు" అంది, ఉతికిన బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా.

నన్ను పట్టేవాడు లేకపోయాడు. షెడ్డుకి వెళ్ళి, పదిమంది ముందు, "మావయ్యా, నీ టీ గ్లాసుకి వయసైపోయింది!" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. మావయ్య కూడా నవ్వి, "అయ్యుంటుందిరా" అన్నాడు. అంతటితో ఊరుకున్నానా? ఒలకకుండా గట్టి మూత ఉన్న కప్పొకటి కొని కానుకగా ఇచ్చాను. నాలుగు వారాలు ఇదే పరాచికం.

పోటీ ఇంకా ఐదు రోజులుందనగా, ఒక మంగళవారం టైర్ల సంగతి మాట్లాడాలని ఆఫీసు నుంచి ముందే బయల్దేరి షెడ్డుకి వెళ్ళాను. నా బండి జాకీల మీద ఉంది. కింద నుంచి మావయ్య కాళ్ళు బయటికి ఉన్నాయి. పక్కన బోర్లించిన డబ్బా మీద మా ఆవిడ కూర్చుని టార్చి పట్టుకుంది. నా గట్టి మౌంట్లు కాగితం మీద వరసగా పెట్టి ఉన్నాయి.

"అమ్మాయ్, పదిహేడో నంబరు స్పానరు అందుకో."

"ఇదిగోండి బాబాయ్‌గారూ. ఈ రబ్బరువి ఈసారి ఎక్కడ దాచను?"

"ఆ బిస్కెట్ల డబ్బాలో పెట్టమ్మా. వాడికి బిస్కెట్లు పడవు, తెరవడు."

"మావయ్యా!" అన్నాను.

స్పానరు ఠంగుమని కిందపడింది. కారు కింద నుంచి గొంతు వినిపించింది. "బోల్టులు బిగిస్తున్నాన్రా."

ఒకసారి మార్చడానికి మూడు గంటలు పడుతుంది. నాన్న ఎక్కే ముందు రబ్బరువి, దిగాక నా గట్టివి. వారానికి నాలుగుసార్లు. కూర్చుంటే లేవలేని మోకాళ్ళతో, ఆ సిమెంటు నేల మీద పాకుతూ!

"ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

ఆయన మెల్లగా బయటికి జరిగి, చేతులు తుడుచుకున్నాడు. "నీకు కప్పు కావాలి. బావకి నడుం కావాలి. నువ్వేమో వినవు, ఆయనేమో నొప్పి పుట్టినా చెప్పడు. మీ ఇద్దరితో వాదించడం కన్నా మౌంట్లు విప్పడం తేలికరా. అవి ఎదురు మాట్లాడవు."

"మరి నేను అంతమందిలో వెక్కిరిస్తుంటే?"

"నువ్వు వెక్కిరించావంటే బావకి నొప్పి పుట్టలేదనేగా? నాకంతకంటే ఏం కావాలి?"

"నాలుగు వారాల్నించీ నవ్వాపుకోలేక చచ్చాను" అంది మా ఆవిడ. నేను చొక్కా చేతులు పైకి మడిచి కారు కిందికి దూరాను.

పోటీలో మూడో గేరు వెన్నలా పడింది. కప్పు మాత్రం సెకనులో ఒక్క పదోవంతు తేడాతో పోయింది. ఆఖరి మలుపులో బ్రేకు తొందరపడి తొక్కాను. పైన గీత దగ్గర నాన్న, పక్కన మావయ్య నిలబడి ఉన్నారు. మావయ్య తన చొక్కా మీద ఒక చిన్న మరక ఉండాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు.

మర్నాడు రబ్బరు మౌంట్లు నేనే బిగించాను. గట్టివి బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళాయి, వచ్చే పోటీ వారందాకా బయటికి రావు. మావయ్య కుర్చీ వేసుకుని, నేనిచ్చిన కప్పులోనే టీ తాగుతూ కూర్చున్నాడు. మూత మాత్రం తీసేశాడు. మూడు గంటలు అవస్థపడి, మొహమంతా గ్రీజుతో బయటికొచ్చి చూస్తే ఆయన తెల్ల చొక్కా మీద అరచేయంత మరక.

"అదేంటి మావయ్యా? బండి కదలనైనా కదల్లేదుగా!"

"బండిది కాదురా" అన్నాడు మావయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు ఆ పదిహేడో నంబరు స్పానరుని మూడుసార్లు బుర్ర మీద వేసుకున్నావు చూడు, అప్పుడు నవ్వాపుకోలేక ఒలకబోసుకున్నాను."