బాగుంది కదా అని అడగకూడదు

కళ్ళద్దాల కొట్టు అక్కయ్యకు ఒక నియమం ఉంది. కళ్ళు పరీక్షించేటప్పుడు "ఇప్పుడు బాగుంది కదా?" అని చచ్చినా అడగదు. అలా అడిగితే మొహమాటస్తులు బాగుందనేసి, ఆ అద్దాలే పెట్టుకుని ఇంటికెళ్ళి మెట్ల మీద బోర్లా పడతారు. అందుకే "ఎలా కనిపిస్తోంది?" అని మాత్రం అడిగి నోరు మూసుకుంటుంది. వసపిట్టలాంటి మనిషికి అదెంత కష్టమో మీరే ఆలోచించండి.

ఆమె బల్ల మీద ఎప్పుడూ ఒక బైబిలు ఉంటుంది. అది కనిపిస్తే చాలు, పక్క కొట్టు గడియారాలాయనకు నాలుక దురద పెడుతుంది. ఆ ఉదయం కూడా టీ గ్లాసుతో హుషారుగా దిగాడు.

"అమ్మాయ్, మీ దేవుడు తను ఎత్తలేనంత బరువు రాయిని చెయ్యగలడా? చేస్తే ఎత్తలేడు, చెయ్యలేకపోతే చేతకానివాడు. ఏదో ఒకటి చెప్పు!"

"బాబాయ్, నలుచదరంగా ఉండే గుండ్రటి అద్దం కావాలని ఎవరైనా వస్తే నేను చెయ్యలేను. తప్పు నాదా, అడిగినవాళ్ళదా?"

ఆయన పకపకా నవ్వాడు. ఓడిపోయినట్టు ఒప్పుకుంటాడా? కాసేపట్లో ఇంకోటి తెస్తానని బెదిరించాడు. అక్కయ్యకు ఈ సరదా అంటే భలే ఇష్టం.

ఆయన అటు వెళ్ళాడో లేదో, తలుపు తోసుకుని ఆమె అన్నయ్య వచ్చాడు.

అక్కయ్య గుండె గంతులేసింది. వదిన పోయినప్పటి నుంచి అన్నయ్య ఈ గడప తొక్కలేదు, ఫోను ఎత్తలేదు. చివరి రోజుల్లో ఆసుపత్రికి వచ్చి ప్రార్థన చేస్తానంటే కూడా వద్దన్నాడు. అలాంటివాడు, ఇన్ని కళ్ళద్దాల కొట్లుండగా, తన కొట్టుకే వచ్చాడు!

"చూపు ఆనడం లేదు" అన్నాడు కూర్చుంటూ.

ఆమె నోరు ఆగడం లేదు. పరీక్ష ఫ్రేము అన్నయ్య ముక్కు మీద పెట్టి, అద్దం మార్చి, ఆ సంబరంలో అననే అనేసింది. "బాగుంది కదా అన్నయ్యా?"

"ఆ, బాగుంది" అని, ఎదురుగా చార్టు మీదున్న పెద్ద అక్షరాన్నే తప్పు చదివాడు.

అక్కయ్య నాలుక కరుచుకుంది. అంతలో అన్నయ్య ఫ్రేములోంచి ఆమెనే చూస్తూ అడిగేశాడు.

"మీ వదిన మీ దేవుణ్ణి నమ్మలేదు. ఇప్పుడు నరకంలో ఉందా, లేదా? అవునో కాదో ఒక్క మాట చెప్పు."

అక్కయ్య చేతిలోని అద్దం బల్ల మీద పెట్టింది. అవునంటే అన్నయ్య లేచి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. కాదంటే తనకు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పినట్టే. గడియారాలాయన రాయి ప్రశ్న లాంటిదే ఇదీ. కాని ఆయన కళ్ళల్లో నవ్వుండేది. ఈ కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"అన్నయ్యా, నేను ఇందాక బాగుంది కదా అని నిన్ను అడిగినట్టే అడిగావు. అవునన్నా కాదన్నా తప్పే పడుతుంది. తీర్పు చెప్పేది నేను కాదు, నాకు తెలియదు. స్నేహితుడి సమాధి దగ్గర యేసు ఏడ్చాడని తెలుసు. ఆయన్ని నమ్ముతున్నాను." తర్వాత తన నియమం ప్రకారం అడిగింది. "వదిన తలపుకొస్తే నీకెలా ఉంటోంది?"

అడిగి నోరు మూసుకుంది.

అన్నయ్య చార్టు వైపు చూస్తూ చెప్పాడు.

"నిన్ను పిలవమని ఆవిడే అడిగింది. ప్రార్థన చేస్తుంది, పిలవండి అంది. నాకు పంతం. నిన్ను పిలవలేదు. నా వల్లే ఆవిడకి ఆ దారి మూసుకుపోయిందేమోనని..."

వదిన నన్ను పిలవమంది! ఆ ఒక్క మాటకు అక్కయ్యకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కోపం కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు? కాని అన్నయ్య చేయి గట్టిగా పట్టుకుంది.

"పిచ్చివాడా! నువ్వు నన్ను రానివ్వకపోతే నేను ఆగిపోయాను. దేవుడు కూడా ఆసుపత్రి గుమ్మం దగ్గర నీ అనుమతి కోసం నిలబడతాడా? ఆవిడ అడిగిన మాట ఆయనకి వినపడదా?"

అన్నయ్య చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఫ్రేములో అద్దాలకు ఆవిరి పట్టేసింది. అక్కయ్య వాటిని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది.

"ఎలా కనిపిస్తోంది?"

"మసగ్గానే ఉంది" అన్నాడు.

ఆ నిజమైన జవాబుకు అక్కయ్య ఎగిరి గంతేసినంత పని చేసి ఇంకో అద్దం అందుకుంది. అప్పుడే గడియారాలాయన తల లోపలికి పెట్టాడు.

"అమ్మాయ్, ఇంకో ప్రశ్న దొరికింది!"

"రేపు రండి బాబాయ్," అన్నయ్యే బదులిచ్చాడు ముక్కు ఎగబీలుస్తూ. "ఇవాళ దీన్ని మా ఇంటికి తీసుకెళ్తున్నా. వాళ్ళ వదిన దీని గురించి ఏమేం అందో అన్నీ చెప్పాలి."