సీతంపేట కొండల్లో ఒక్క పాదముద్ర కోసం

ఏదైనా అడవి జంతువు పాదముద్రకు అచ్చు పోసి తేవాలని మా మాస్టారు చెప్పారు. ఫొటో పనికిరాదు; సొంతంగా తీసిన అచ్చు లేకపోతే ప్రాక్టికల్స్ పోయినట్టే. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను, ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ. తప్పితే మళ్ళీ ఫీజు కట్టి చదివించే ఓపిక ఇంట్లో లేదు. "ఒక్కదానివే అడవికేటే?" అంటూ అమ్మ డబ్బాలో పులిహోర సర్దుకుని బయల్దేరింది.

శ్రీకాకుళంలో ఆరింటి బస్సెక్కి పాలకొండలో మారితే తొమ్మిదికల్లా సీతంపేట చేరవచ్చు. అక్కడి నుంచి కొండ మొదలు దాకా ఆటోకు రానూపోనూ ఐదు వందలు. డ్రైవరు సింహాచలం తనూ మాతో నడుస్తానన్నాడు. అదే నా ఖర్మ. కనిపించిన ప్రతి గుర్తూ అతనికి పులే.

"ఇదిగో పాపా, పులి!"

"కుక్కండీ. గోళ్ళు పడ్డాయి చూడండి. పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి లాక్కుంటుంది."

"మరి మా పులి లాక్కోదేమో!"

అమ్మ పకపకా నవ్వింది. కాస్త పైన అడవిపంది అడుగు దొరికింది: రెండు గిట్టలు, వాటి వెనక రెండు చిన్న గుంటలు. నేను సంచి విప్పేలోగా మేకల మంద దాని మీదుగా పోయింది.

మధ్యాహ్నం, ఎండిపోతున్న గెడ్డ (కొండవాగు) ఒడ్డున, బురదలో, పళ్ళెమంత గుండ్రంగా ఏనుగు ముందు కాలి అడుగు! వెనక కాలిదైతే కోలగా ఉంటుంది. అరికాలి పగుళ్ళు కూడా పడ్డాయి. అంచులు ఆరి బీటలిచ్చాయి కాబట్టి పాతదే. తాజాదైతే వెంటనే వెనుదిరగాలి. ఆపైన అంతా రాళ్ళే, ఇంకో అడుగు లేదు. "ముట్టుకోకండి" అని ఇద్దరికీ చెప్పి, ప్లాస్టర్ కలపడానికి నీళ్ళకు కింది మడుగు దాకా వెళ్ళాను.

వచ్చేసరికి అడుగు చుట్టూ అమ్మ సంచిలోని పసుపు, కుంకుమ. సింహాచలం చెప్పులు విడిచి చేతులు జోడించాడు. అమ్మ ఖాళీ అయిన పులిహోర డబ్బాలోకి ఆ మట్టి తోడుతోంది.

"ఏటి సేస్తన్నావే అమ్మా!"

"వినాయకుడి పాదమే తల్లీ. ఈ మన్ను ఇంట్లో ఉంటే అడ్డంకులుండవు. నువ్వు పరీచ్చ పాసవ్వాల గదా."

"నువ్వు తోడేసిందే నా పరీక్ష!"

"అయితే మరీ మంచిది, ఇంటికి అట్టుకెల్దాం."

"ముట్టుకోవద్దన్నానా లేదా?"

"దండవెట్టే ముట్టుకున్నాను గదే!"

ఏడుపొచ్చింది. మిగిలిన దాంట్లోనే ప్లాస్టర్ పోశాను. గట్టిపడ్డాక లేపితే ఒకవైపు ఏనుగు గోళ్ళు, పగుళ్ళు. రెండోవైపు అమ్మ వేళ్ళు గీరిన నాలుగు చాళ్ళు.

తిరుగు బస్సులో అమ్మ పక్కన కాకుండా అవతలి సీట్లో కూర్చున్నాను. ఆమె మాత్రం ఆ అచ్చును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా రెండు చేతులూ అడ్డుపెట్టింది. అది చూస్తూ ఎంతసేపని కోపంగా ఉండగలను? అయినా కోపం పూర్తిగా పోలేదు. మార్కులు వస్తాయో రావో. అచ్చుకు కట్టిన చీటీ మీద "ఏనుగు, ముందు కాలు, సగం" అని నిజమే రాశాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ప్లాస్టర్‌కు కావలసిన నీళ్ళు సీసాలో ముందే పట్టుకెళ్ళండి. అడుగు దొరికాక దాని పక్కనుంచి లేవకండి, వెంట వచ్చినవాళ్ళు మీ మంచి ఎంత కోరేవాళ్ళయినా సరే.