భూమయ్యకు రాని నల్ల బెల్టు

నన్ను తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టున్రి. చెప్పినంక ఎట్లనో తిడ్తరు.

నా పేరు రాధాకిషన్. సిద్దిపేట పాత బస్టాండు కాడ మాది బట్టల దుకాణం. దాని అరుగు మీద ఇరవై రెండేండ్ల సంది మిషిన్ వేసుకోని కూసుంటడు దర్జీ భూమయ్య. నాకంటే ఆరేండ్లు పెద్దోడు. అయినా నేను 'అరేయ్ భూమయ్యా' అనే పిలిచేటోన్ని, ఆయన నన్ను 'సేటూ' అనేటోడు. ఎవలికీ తప్పనిపియ్యలే.

భూమయ్యది రాయపోల్ దిక్కు. పెండ్లయినంక భార్య కిష్టవ్వను తీసుకోని ఈడికొచ్చిండు. ఒక్కతే బిడ్డ, స్వరూప. పొద్దున తొమ్మిదింటికి మిషిన్ ముంగట వంగితే దీపాలు పెట్టేదాక వంగే ఉంటుండె. యాభై ఏండ్లకే మెడ ముంగటికొచ్చి ముసలోని లెక్క కనిపిస్తుండె పాపం.

గప్పుడే వివేక్ మాస్టర్ మా గల్లీల ఒక హాలు కిరాయికి తీసుకోని హాప్కిడో నేర్పుడు మొదలువెట్టిండు. అది కొరియావాళ్ల విద్య. తన్నుడు గుద్దుడు తక్కువ, మీదికొచ్చినోని మణికట్టు వట్టి మెలిపెట్టి కింద పడేసుడు ఎక్కువ. పిల్లల తెల్ల డ్రెస్సులు, రంగు బెల్టులు మా భూమయ్యనే కుట్టిండు. ఇయ్యనీకి పోయినోడు గంటసేపు చూస్కుంట నిలవడి, "నేను గూడ నేర్చుకోవచ్చా మాస్టర్?" అని అడిగిండట.

నాకు నవ్వాగలే. "ఈ వయసుల నీకేం పోయేకాలం రా!" అన్న. ఆయన గూడ నవ్విండు. పది దినాలకు డాక్టర్ నా షుగర్ చూసి కండ్లు పెద్దగ చేసి, రోజూ కసరత్తు చెయ్యాలన్నడు. ఇగ నేను గూడ అదే హాలుకు పోక తప్పలే. పెద్దోళ్లం మేమిద్దరమే, కడుమోళ్లంత బడి పిల్లలు. మాస్టర్ మమ్ముల జోడి కట్టిండు.

జోడి అంటే ఉత్తగ కాదు. తెల్ల బెల్టు, పసుప్పచ్చ, ఆకుపచ్చ దాక వట్టి చేతులే. నీలం బెల్టు నుంచి ఆయుధాలు చేతికిస్తరు, పొట్టి కర్ర, పొడుగు కర్ర, చెక్క కత్తి. ఒకడు మీదికొస్తడు, ఇంకొకడు ఆపి పడేస్తడు. పడెటోడు కరెక్టుగ పడకపోతే మెడ విరుగుతది. అందుకే ఆయుధాల పరీక్ష సొంత జోడితోనే ఇయ్యాలె, కొత్త మనిషితోని ఇయ్యనియ్యరు.

కత్తెర పట్టిన చెయ్యి గదా, భూమయ్య కర్ర అంగుళం తప్పేది కాదు. మూడున్నరేండ్లల్ల నన్ను ఎన్ని వందలసార్లు పడేసిండో లెక్కలేదు. పొద్దుగాల ఐదున్నరకు ఆ పిల్లలు తప్ప చూసెటోడెవడు? లేచి దులుపుకునేటోన్ని. రాను రాను ఆయన నడుము నిటారయింది. "మా ఇంటాయిన ఊరి పటేల్ లెక్క నడుస్తుండమ్మా" అని కిష్టవ్వ నా భార్య కాంతమ్మకు చెప్పి మురిసిపోయేది.

నల్ల బెల్టు పరీక్ష దినమొచ్చింది. ఫంక్షన్ హాలు నిండా జనం. నేనే ఊరంత చెప్పుకున్న. స్టీలు సామాన్ల రమాకాంత్, మా బావమర్దులు, దుకాణాలోళ్లంత ముందట కుర్చీలల్ల కూసున్నరు. వెనక వరుసల కిష్టవ్వ, స్వరూప. మ్యాట్ల మీదికి పోయే ముందు భూమయ్య నా చెవుల మెల్లగ అన్నడు, "బతుకంత వంగే కూసున్న సేటూ. ఇయ్యాల ఒక్కపారి నా బిడ్డ ముంగట నిలవడి చూపిస్త."

ముందు నా వంతు. భూమయ్య కత్తితోని వచ్చిండు, కర్రతోని వచ్చిండు. వచ్చినప్పుడల్ల పడేసిన. పదకొండు సార్లు పడ్డడు. ఒక్కసారి గూడ బద్ధకంగ పడలే. నా పట్టు బాగ కనిపియ్యాలని ఎగిరెగిరి పడ్డడు మహానుభావుడు. చప్పట్లే చప్పట్లు. రమాకాంత్ ఈల వేసి, "వారెవ్వా రాధాకిషన్ భాయ్! నీ దర్జీని ఉతికి ఆరేసినవ్ పో!" అని అరిచిండు. హాలంత గొల్లున నవ్వింది. నేను గూడ నవ్విన.

నవ్వుకుంటనే ఒక్కటి యాదికొచ్చింది. ఇప్పుడు పడే వంతు నాది గదా. నా అరుగు మీద బట్టలు కుట్టెటోడు నన్ను పదకొండు సార్లు నేలకేసి కొడ్తడు, వీళ్లంత చూస్తరు. రేపటి సంది బజార్ల రమాకాంత్ నోరు మూస్తడా?

"భూమయ్య!" అని పిలిచిన్రు. ఆయన లేచి, డ్రెస్సు సదురుకోని నడిమిట్లకొచ్చి నిలవడ్డడు. నేను నడుము పట్టుకోని కూలవడ్డ. "మాస్టర్, పట్టేసింది. నాతోని కాదు," అన్న.

నడుముకేం కాలేదు. రాయి లెక్క ఉన్నది. అబద్ధమాడిన.

హైదరాబాద్ నుంచొచ్చిన పరీక్షకులు తమల తాము మాట్లాడుకోని, జోడి లేకుంటే కాదు, వచ్చే ఏడు చూద్దామన్నరు. భూమయ్య నా కాడికొచ్చిండు. నన్ను భుజం మీదేసుకోని కుర్చీల కూసోవెట్టి, మెడికల్ షాపుకు ఉరికి మందు తెచ్చి నా నడుముకు రుద్దిండు. "బాపూ, నీ పేరు పిలిచిన్రు గదా?" అని స్వరూప అడుగుతనే ఉన్నది. నాకు నల్ల బెల్టు కట్టేటప్పుడు మాత్రం నిటారుగ నిలవడ్డ. సిగ్గులేనోన్ని.

వచ్చే ఏడు ఎట్లయినా పడ్త, కావాలంటే ఇరవై సార్లు పడ్త అని మనసుల ఒట్టేసుకున్న. దసరా ముంగట భూమయ్యకు కుడికన్ను మసకబారింది. లోపల పొర ఊడిందని ఆపరేషన్ చేసిన్రు. ఇగ తలకు అదురు తగులొద్దు, కిందవడుడు అసలే వద్దన్నడు డాక్టర్. పరీక్షల పడుడు గూడ చూపియ్యాలె గదా. అంతే, ఆయన హాలుకు రాలే. మళ్ల మిషిన్ ముంగట వంగిండు.

రెండేండ్లు కడుపుల పెట్టుకున్న. పోయిన నెల ఇగ ఆగలేక అరుగు మీదికి పోయి, "భూమయ్యా, ఆ దినం నా నడుము..." అన్న.

"మంచిగనే ఉండె," అన్నడు సూదిల దారం ఎక్కించుకుంట. "అన్నేండ్లు మిమ్మల్ని పడేసి లేపినోన్ని. మీ నడుము సంగతి నాకెరుక లేదా సేటూ?"

"మరి గప్పుడే ఎందుకనలే?"

"గంతమందిల అంటే మీ ఇజ్జత్ పోతుండె."

నా చెయ్యి చాపిన. "పట్టు అన్నా," అన్న. ఇరవై రెండేండ్లల్ల ఆయన్ను అన్నా అనుడు గదే మొదలు. "ఈడనే పడెయ్. బజారంత చూడనీ. నీ కాళ్లు మొక్కుత, పడెయ్."

ఆయన లేచిండు. నా మణికట్టు పట్టిండు. బొటనవేలు ఉండాలెసిన జాగలనే పడ్డది. ఇంత మెలిపెడితే చాలు, నేను నేల మీద ఉంటుంటి. ఎదురుంగ రమాకాంత్ దుకాణంల నుంచి తొంగి చూస్తుండు. చూస్తే చూడనీ అని కండ్లు మూసుకున్న.

శానా సేపు పట్టుకున్నడు. తర్వాత మెల్లగ ఇడిచిండు.

"గిరాకీ వచ్చింది సేటూ, చూస్కోపోండ్రి," అని మళ్ల మిషిన్ మీద వంగిండు.