ఫోన్లో మా ఇంటి అడ్రస్

మా అత్తమ్మ చేసే టమాట తొక్కు చేవెళ్లలో మా గల్లీ దాటి ఎవరికీ తెలియని రోజుల్లో, నేను దాన్ని ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం యాప్‌లో అమ్మకానికి పెట్టాను. మార్కెట్లో టమాట చవకైనప్పుడల్లా ఆమె బుట్టలకొద్దీ తెప్పించి, కోసి, ఉప్పు పట్టించి మిద్దె మీద ఎండబెట్టేది. నూరడం ఆమె పని. సీసాల్లో నింపి, బస్సెక్కి మొయినాబాద్‌లో కొరియర్ ఆఫీసుకు చేర్చడం నా పని. సంచి సీటు కింద పెట్టగానే వెల్లుల్లి వాసన బస్సంతా పరుచుకునేది.

అమ్మకం బాగానే ఉండేది. కానీ కొన్నవాళ్లకు మేమెవరమో తెలియదు. తొక్కు ఫోటో, దాని కింద ఆ యాప్ పేరు, అంతే. ఎవరైనా బాగుందని రాస్తే ఆ మెప్పు కూడా యాప్‌కే పోయేది.

ఒకరోజు యాప్ వాళ్ల నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మేవాళ్ల పేరు, అడ్రస్ కొనేవాళ్లకు కనబడాలని సర్కారు నియమమట. ఇవ్వకపోతే మా సరుకు తీసేస్తారట. వెంటనే రాసి పంపాను. అన్నం తింటూ ఆ సంగతి చెబితే అత్తమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మన ఇల్లు యాడున్నదో లోకమంతటికి చెప్పినవా? రేపు ఎవడన్న వచ్చి దర్వాజ కొడితే ఎట్ల?"

"సర్కారు రూలు అత్తమ్మా. అమ్మేటోళ్లు ఎవరైనా పేరు చెప్పాల్సిందే."

"జర నన్నడిగి ఇయ్యద్దా?"

ఆమె భయం నాకూ కొంత అంటుకుంది. కొన్నాళ్లు బయట కారు ఆగిన చప్పుడైతే చాలు, ఇద్దరం కిటికీ వైపు చూసేవాళ్లం.

ఒక ఆదివారం పొద్దున నిజంగానే ఎవరో తలుపు కొట్టారు. తీసి చూస్తే తల నెరిసిన ఒకామె, పక్కన ఆమె కొడుకు. ఆమె చేతిలో సగం ఖాళీ అయిన మా సీసా.

"ఈ తొక్కు చేసేది మీరేనా బిడ్డా? గండిపేట నుంచి వచ్చిన. పోయినసారికి, ఈసారికి పులుపు ఫరక్ ఉన్నది. ఫోన్ల అడ్రస్ కనబడ్డది, అడిగిపోదామని వచ్చిన."

గొడవ తప్పదనుకున్నాను. అత్తమ్మ మిద్దె దిగి వచ్చి, సీసాలోంచి కొంచెం అరచేతిలో వేసుకుని నాకింది.

"నిజమే అక్కా. పాత చింతపండు అయిపోయింది, కొత్తది తెచ్చినం. పులుపు తగ్గింది. ఇన్ని సీసాలు పోయినయి, ఒక్కరన్న చెప్పలే!"

అత్తమ్మ మొహం ఎంత వెలిగిపోయిందంటే, తనను తప్పు పట్టినట్టు కాక సన్మానం చేసినట్టే ఉంది.

వచ్చినామెది మా చేవెళ్లకు దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరు. ఇప్పుడు కొడుకుతో గండిపేటలో ఫ్లాటులో ఉంటోంది. ఎండబెట్టడానికి అక్కడ జాగా లేదట. ఇద్దరూ మిద్దె ఎక్కి టమాట ముక్కల మధ్య కూర్చున్నారు. మెంతిపొడి ఇంకొంచెం వేయాలని ఆమె, వేస్తే చేదవుతుందని అత్తమ్మ. కొడుకు పోదాం రమ్మని రెండుసార్లు పైకి వచ్చాడు. మూడోసారి వచ్చేసరికి నేను కాల్చిన జొన్నరొట్టెలు వేడివేడిగా మిద్దె మీదికి చేరుతున్నాయి. అతనూ కూర్చుని తిన్నాడు.

యాప్‌లో ఇప్పటికీ ఆ యాప్ వాళ్లు తమ పేరుతో అమ్ముకునే పచ్చడే ముందు కనబడుతుంది, మాది ఎక్కడో కిందికి పోతేగానీ రాదు. ఆ నియమం దాన్నేమీ మార్చలేదు. అయితే ఇప్పుడు "చేవెళ్ల అత్తమ్మ తొక్కు" అని రాస్తున్నారు జనం. చదివి వినిపిస్తే, అత్తమ్మ వినబడనట్టు నటించి మళ్లీ చదివించుకుంటుంది.

మొన్న ఆదివారం ఫామ్‌హౌస్‌లకు పోయే రెండు కుటుంబాలు ఫోన్లో అడ్రస్ చూసుకుని తొక్కు కోసం ఒకేసారి వచ్చి దిగాయి. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని నన్ను కేకేసింది.

"నిలబడి చూస్తవేంది పిల్లా? పక్కింట్ల కుర్చీలున్నయి, పట్టుకరా పో!"