టైప్ త్రీ స్కీయరు

కెనడాలో మంచు మీద జారిపడ్డవాళ్ళు బోలెడుమంది. ఫారం నింపి, సంతకం పెట్టి మరీ పడ్డవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెప్తాను, మీరు హాయిగా నవ్వుకోండి. నా ఎడమ మోకాలు మాత్రం ఇప్పటికీ నవ్వదు.

రెజైనాలో చదువుకునే రోజుల్లో నేనూ, కరీంనగర్ శ్రీకాంతూ రామ్మోహన్‌రావు గారి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆయన రిటైరైన ఇంజనీరు, కాకినాడ మనిషి. రెజైనా ఎంత చదునంటే, ఫ్లైఓవర్ ఎక్కితే కొండెక్కినట్టే. అలాంటి ఊళ్ళో కూర్చుని అంకుల్ ఒక అట్టపెట్టె నిండా పాత స్కీ సినిమాల క్యాసెట్లు దాచుకున్నారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆంటీ మిరపకాయ బజ్జీలు వేసేవారు. మేం ముగ్గురం టీవీ ముందు చేరేవాళ్ళం.

ఆ సినిమాల్లో కథంటూ ఉండదు. హెలికాప్టర్ ఒక గడ్డపాయన్ని కొండ కొన మీద దించి వెళ్ళిపోతుంది. ఆయన చిలకపచ్చ సూటు వేసుకుని, గిటార్ల మోతలో, నిట్టనిలువు మంచులోకి దూకేస్తాడు. వెనక కొండంత మంచు విరిగిపడుతుంటే ముందు ఈయన నవ్వుతూ జారుతుంటాడు. "ఇక్కడ చూడండ్రా, ఇక్కడ!" అంటూ అంకుల్ సోఫా అంచుకి వచ్చేసేవారు. ఇప్పుడు ఫోన్‌లో అంతకంటే పెద్ద కొండల మీంచి దూకుతున్నారు. కానీ చేతిలో బజ్జీ ఉందన్న సంగతి మరిచిపోయి చూసింది అప్పుడే.

ఒక ఆదివారం ఆయన నిట్టూర్చి, "నా మోకాళ్ళు పోయాయి గానీ... నీకు స్కీయింగ్ వచ్చురా?" అన్నారు.

కాలేజీ టూర్‌లో మనాలీ వెళ్ళినప్పుడు కాళ్ళకి పొడుగాటి పలకల్లా బిగించుకునే అద్దె స్కీల మీద నిలబడి ఫొటో దిగాను. ఆ ధైర్యంతో "ఏదో కొంచెం అంకుల్, మనాలీలో" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. గుళ్ళో కనిపించినవాళ్ళందరికీ "మా బేస్‌మెంట్‌లో స్కీయరున్నాడండీ" అని చెప్పేశారు. ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే కారు తీసి, దగ్గర్లో లోయ అంచున ఉన్న చిన్న స్కీ కొండకి మమ్మల్ని తీసుకెళ్ళారు. "నువ్వు దిగుతుంటే ఒక్కసారి కళ్ళారా చూడాలి" అన్నారు. నిజం చెప్పేద్దామని దారంతా నోరు తెరుస్తూనే ఉన్నాను. చెప్తే ఆ సోఫాలో నా చోటు పోతుందని భయం వేసి మూసేస్తూనే ఉన్నాను.

స్కీలు అద్దెకిచ్చే చోట ఫారం ఇచ్చారు. ఎత్తు, బరువు, ఆ కింద మీరెలాంటి స్కీయరు అన్న ప్రశ్న. టైప్ వన్ అంటే నెమ్మది. టైప్ త్రీ అంటే వేగం, దూకుడు. నా పెన్ను వన్ దగ్గర ఆగింది.

"ఏమాలోచిస్తున్నవన్నా?" అన్నాడు శ్రీకాంత్.

"వన్ పెడదామని."

"ఫారంల తక్కువ రాస్తే తక్కువనే చూస్తరు. రెజ్యూమెల మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ రాసినవ్ గదా, ఉన్నదా?"

"లేదు."

"జాబ్ అచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"మరింకేంది? త్రీ కొట్టు."

కొట్టాను. అయ్యా, ఆ అంకె గొప్ప కోసం అడిగింది కాదు! దాన్ని చూసే, బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని సరిచేస్తారట. నెమ్మదిగా వెళ్ళేవాడు పడితే స్కీ తేలిగ్గా ఊడిపోవాలి. దూకుడుగా వెళ్ళేవాడికి అంత తేలిగ్గా ఊడకూడదు. నాకు రెండో రకం బిగించి పంపారు.

పిల్లలు నేర్చుకునే వాలు మీదే మొదలుపెట్టాను. కింద అంకుల్ ఫోన్ పట్టుకుని నిలబడి "కానియ్యరా!" అని కేకేశారు. బయల్దేరాను. సినిమాల్లో ఎవరూ ఆగరు కాబట్టి ఎలా ఆగాలో నాకు తెలియదు. ఐదేళ్ళ పాప ఒకతి పక్కకి తప్పుకుంటూ నాకే సారీ చెప్పింది. నేను తిన్నగా వెళ్ళి, చివర కట్టిన ప్లాస్టిక్ వలలో దూరిపోయాను. ఒక స్కీ వలలో ఇరుక్కుంది, రెండోది ఆకాశం వైపు లేచింది, ఏదీ ఊడలేదు. మడమ వెనక మీట నొక్కితే ఊడుతుందట. ఆ గడ్డపాయన స్కీలు విప్పడం ఏ సినిమాలో చూపించారు గనక?

"లెవ్వన్నా!" అంటూ వచ్చాడు శ్రీకాంత్.

"లేవలేన్రా, కాలు తిరిగిపోయింది!"

"గుంజాల్నా?"

"వద్దు!"

గుంజాడు. నా కేకకి సహాయ సిబ్బందిలో ఒకావిడ పరిగెత్తుకొచ్చి, మీట నొక్కి నన్ను విడిపించి, అద్దె కాగితం చూసింది. "టైప్ త్రీ?" అంది. నేను మంచు వైపు చూశాను.

బయట అంత మంచుండగా, లోపల గదిలో సంచీలో పోసిన మంచుముక్కలు నా మోకాలికి కట్టారు. కాలు బెణికిందన్నారు. అంకుల్ పక్కన కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. "నాకు స్కీయింగ్ రాదంకుల్. మనాలీలో ఫొటో దిగానంతే. అబద్ధం చెప్పాను."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "మీ ఆంటీకి తప్ప ఎవరికీ తెలీదు, చెప్పకు. నేను జన్మలో స్కీలు తొడగలేదురా."

"మరి మోకాళ్ళు?"

"బేస్‌మెంట్ మెట్లు ఎక్కీ దిగీ పోయాయి." ఇంకాస్త దగ్గరికి జరిగారు. "సరే గానీ, ముప్ఫై ఏళ్ళుగా ఎవరినైనా అడగాలనుకుంటున్నాను. దిగేటప్పుడు సినిమాల్లోలాగా ఆ గాలి హోరు వినిపిస్తుందా?"

"తెలీదంకుల్. నా అరుపే వినిపించింది."

మరుసటి ఆదివారం సోఫాలో నా చోటు నాకే ఉంది, కాలు చాపుకోవడానికి అంకుల్ చోటు కూడా నాకే ఇచ్చారు. ఆ మోకాలి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను, ఇక ఈ జన్మలో ఏ ఫారంలోనూ లేని అనుభవం రాయనని. మాట తప్పలేదు. మొన్న మా అమ్మాయి స్విమ్మింగ్ క్లాసు ఫారంలో, తండ్రికి ఈత వచ్చా అని అడిగారు. "చూడటం వచ్చు" అని రాశాను.