అరవై మూడో కాగితం

ఆ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే ప్రతి రోగి చేతిలో ఒక కాగితం పెడతారు. ఏం తినాలో, కుట్లు ఎప్పుడు విప్పించుకోవాలో అందులో ఉంటుంది. గుండెకు ఒకటి, కంటికి ఒకటి, పురుడికి ఒకటి, పిండికట్టుకు ఒకటి, ఇలా మొత్తం అరవై మూడు రకాలు. పైన ఏమున్నా, అన్నిటికీ అడుగున పేరా మాత్రం ఒకటే: ఏయే లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదో, నర్సుల గదికి ఏ నంబరులో ఫోన్ చేయాలో.

ఇవన్నీ చూసుకునేది కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో కూర్చునే టైపిస్టమ్మ. ఇరవై రెండేళ్ల సర్వీసు. తొలిరోజుల్లో ఆ పేరాలో ఒక్క మాట మారినా అరవై మూడు ఫైళ్లూ తెరిచి, అరవై మూడు సార్లు దిద్దేది. తర్వాత కిటుకు నేర్చుకుంది. పేరాను ఒక్క ఫైల్లో ఉంచి, మిగతా వాటిలో దానికి లింకు పెట్టింది. ఆ ఒక్కదానికి తల్లి ఫైలు అని పేరు పెట్టుకుంది. తల్లిలో దిద్దితే పిల్లలన్నీ దిద్దుకుంటాయి.

ఆవిడ భర్త దర్జీ. ఈ సంగతి చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"గుడ్డ కోయడానికి మేం కొలతగా పెట్టుకునే అట్ట లాంటిదే కదా. కొలత మారితే అట్ట మారుస్తాం. పాత అట్టతో కోసిన గుడ్డ ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది చూడు, దాంతోనే చిక్కు."

"మీ దుకాణంలో మిగులుతుందేమో. నా దగ్గర మిగలదు" అంది.

మూడు నెలల కిందట నర్సుల గదిని పై అంతస్తుకు మార్చారు. కొత్త గదికి కొత్త నంబరు వచ్చింది. టైపిస్టమ్మ అదే పూట తల్లి ఫైల్లో నంబరు మార్చేసింది. ఖాళీ అయిన పాత గదిని ఆవిడకే ఇచ్చారు. గదితోపాటు పాత ఫోనూ ఆవిడ బల్ల మీదికే వచ్చింది. అది మోగిందంటే స్టోరు వాళ్లో, లిఫ్టు వాళ్లో అయి ఉంటారు.

ఒక ఉదయం అది మోగింది.

"నర్సు గారాండీ? మా వాడికి నిన్న పిండికట్టు వేశారు. వేళ్లు నీలంగా అవుతున్నాయి. పిలిస్తే పలుకుతున్నాడు గానీ చెయ్యి ముట్టుకోనివ్వడం లేదు."

ఆ కాగితం టైపిస్టమ్మకు కంఠతా వచ్చు. "ఇంకేం మాట్లాడకండి. వెంటనే బయలుదేరి రండి. చెయ్యి పైకెత్తి పట్టుకోండి. పైవాళ్లకు నేను చెబుతాను."

చెప్పింది. అరగంటలో వచ్చారు. కట్టు వదులు చేశారు, వేళ్లకు రంగు తిరిగొచ్చింది. తండ్రి కిందికి దిగి వచ్చి దండం పెట్టాడు. ఆవిడ దండం సంగతి పట్టించుకోలేదు.

"ఈ నంబరు మీకెవరిచ్చారు?"

"మీరిచ్చిన కాగితంలోనే ఉందండీ."

ఉంది. పిల్లల పిండికట్టు కాగితం. పాత నంబరు. దాని కింద, మరే కాగితంలోనూ లేని ఒక వాక్యం: 'చిన్న విషయమే కదా అని ఆగకండి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మేము విసుక్కోము.'

అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ల కిందట పిల్లల వార్డు పెద్ద సిస్టరు పక్కన కూర్చుని ఆ వాక్యం చెప్పి మరీ కొట్టించింది. తల్లి ఫైలు దిద్దినప్పుడల్లా అది చెరిగిపోతుంటే, చూడలేక టైపిస్టమ్మే ఆ ఒక్క ఫైలుకు లింకు తెంపేసింది. ఇకమీదట దీన్ని చేత్తో దిద్దుకుంటానని మాట ఇచ్చింది. పెద్ద సిస్టరు రిటైరైన రెండేళ్లకే పోయింది. మాట మరుపున పడింది.

తను భోజనానికి వెళ్లిన వేళల్లో ఆ ఫోను ఎన్నిసార్లు మోగి ఆగిపోయిందో ఎవరికి తెలుసు? రిజిస్టరు తీసింది. మూడు నెలల్లో ఆ కాగితం పట్టుకెళ్లిన పిల్లలు పందొమ్మిది మంది. ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పి, కొత్త నంబరు రాయించింది. పదకొండో ఇంట్లో ఒక ముసలామె ఎత్తింది.

"చేశానమ్మా, మధ్యాహ్నం పూట రెండుసార్లు. ఎవరూ ఎత్తలేదు. విసుక్కోము అని రాశారు గానీ, విసుక్కున్నారేమోలే అనుకున్నా. మనవడు బాగానే ఉన్నాడులే, కట్టు లోపల దురద, అంతే."

టైపిస్టమ్మ మిగిలిన ఎనిమిది ఇళ్లకూ ఫోన్లు ముగించింది. సాయంత్రం సూపరింటెండెంటు గదికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. అక్కడే ఉన్న పై అంతస్తు హెడ్ నర్సు తేలిగ్గా తేల్చేసింది.

"ఆ వాక్యం తీసేసి లింకు పెట్టెయ్ అక్కా. ఎన్నిసార్లయినా చేయమంటే రోజంతా ఫోన్ దగ్గరే సరిపోతుంది, ఇక మేము సూది పట్టినట్టే."

"తీసేస్తే తేలికే. కానీ ఆ ముసలామె ఫోన్ చేసింది ఆ వాక్యం చూసే" అంది టైపిస్టమ్మ. "విడిగా ఉంచితే నేను మళ్లీ మరిచిపోతాను, నన్ను నేను నమ్మను. తల్లి ఫైల్లో పెట్టనివ్వండి సార్. అరవై మూడింటిలోనూ ఉంటే మరిచిపోవడానికి వీలుండదు."

సూపరింటెండెంటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కొత్తగా చేరినప్పుడు పెద్ద సిస్టరును గంటకు నాలుగుసార్లు పిలిచేవాణ్ని. విసుక్కోకపోవడమా! ఇంత పొడుగు మొహం పెట్టేది. కానీ ప్రతిసారీ వచ్చేది." హెడ్ నర్సు వైపు తిరిగాడు. "మీరూ విసుక్కోండి. ఫోన్ మాత్రం ఎత్తండి." సంతకం పెట్టాడు.

వాక్యం తల్లి ఫైల్లోకి వెళ్లింది. అరవై మూడో ఫైలుకు మళ్లీ లింకు పడింది. అవసరం లేకపోయినా మర్నాడు ఆవిడ అన్ని కాగితాలూ అచ్చు తీసి, అడుగు పేరా ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివింది.

పాత కాగితాలు ఇంకా కొందరి ఇళ్లలో ఉన్నాయి కనుక ఇప్పుడు భోజనానికి బయటికి వెళ్లడం మానేసింది. బల్ల మీదే డబ్బా విప్పుకుంటుంది. నాలుగో రోజు రెండో ముద్ద నోట్లో ఉండగా ఫోను మోగింది.

"ఏం లేదమ్మా" అంది ముసలామె. "ఎత్తుతారో లేదో చూద్దామని."

టైపిస్టమ్మ గబగబా మింగి, ఎడమ చేత్తో డబ్బా మీద మూత పెట్టింది.

"ఎత్తాను కదా పెద్దమ్మా. మనవడి దురద తగ్గిందా?"